నవల తెరకెక్కినప్పుడు ఎవరి కళ్ళతో చూస్తున్నాం?

1960లో 'చివరకు మిగిలేది' అనే తెలుగు సినిమా విడుదలైంది. అదే పేరున్న నవల గుర్తొచ్చి హాలుకు వెళ్ళిన బుచ్చిబాబు పాఠకులకు తెరమీద ఆ నవలా నాయకుడు దయానిధి కనిపించలేదు. మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సుగా సావిత్రి కనిపించింది. ఆ సినిమాకు మూలం అంతకుముందు ఏడాది బెంగాలీలో వచ్చిన 'దీప్ జ్వేలే జాయ్'. బుచ్చిబాబు నవలకూ దానికీ కలిసింది పేరొక్కటే. సావిత్రి చేసిన మంచి పాత్రల్లో అదీ ఒకటి, అందులో సందేహం లేదు. దయానిధి మాత్రం ఈనాటికీ తెరకు దూరంగానే ఉండిపోయాడు. అతని కథంతా మనసు లోపల జరుగుతుంది. మనసులో జరిగేదాన్ని కెమెరా ముందుకు ఎలా తేవాలన్న ప్రశ్న నవల కొన్న ప్రతి నిర్మాతకూ ఎదురవుతుంది. దానికి తెలుగు సినిమా ఎనభై ఏళ్ళకు పైగా రకరకాల జవాబులు చెబుతూ వస్తోంది.

నవల చదివినవాళ్ళు సినిమా చూసి బయటికి రాగానే అనే మాట ఒకటే: "నవల్లో ఉన్నట్టు లేదు." ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది గానీ, లెక్క తప్పు చోట వేస్తున్నాం. ఏ సంఘటన పోయింది, ఏ పాత్ర పేరు మారింది, ముగింపు ఎటు తిరిగింది అని పట్టీ రాసుకుంటూ కూర్చుంటే అసలు విషయం చేజారిపోతుంది. నాలుగువందల పేజీల పుస్తకం రెండున్నర గంటల్లో ఇమడాలంటే సగానికి పైగా పోక తప్పదు. పోవలసినవి పోయాక ఆ కథను ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నదే అడగవలసిన మాట. నవలాకారుడు లేదా నవలాకారిణి మనల్ని ఏ మనిషి పక్కన నిలబెట్టి లోకాన్ని చూపించారో, దర్శకుడు కూడా అక్కడే నిలబెట్టాడా? జరిపితే ఎవరి పక్కకు జరిపాడు, ఎందుకు జరిపాడు? ఈ కొలతతో చూస్తే మన సినిమాల్లో నవలలకు జరిగిన మేలూ కీడూ రెండూ తేటగా కనిపిస్తాయి.

ఈ బంధం పాతదే. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' 1940లోనే సినిమా అయింది. యాభైల నుంచి బెంగాలీ నవలల హోరు. బెంగాలీ నవలాకారుడు శరత్‌ను తెలుగు ఇళ్ళలోకి తెచ్చిన అనువాదకుల్లో ముఖ్యుడైన చక్రపాణి సినిమా మనిషి కూడా కావడంతో పుస్తకాల అలమరాకూ స్టూడియోకూ దారి దగ్గరైంది. 'దేవదాసు', 'తోడికోడళ్ళు', 'బాటసారి' శరత్ నవలల నుంచి వచ్చాయి. 'మాంగల్యబలం' మూలం ఆశాపూర్ణాదేవి 'అగ్నిపరీక్ష'. ఆ తర్వాత అరవైల్లో, డెబ్బైల్లో వారపత్రికల సీరియల్ యుగం, ఎనభైల్లో యండమూరి, మల్లాదిల యుగం. ఇవన్నీ గడిచాక నవలల రాక బాగా తగ్గింది. ఇప్పుడు ఏడాదికి ఒకటి వస్తే అదే వార్త.

'దేవదాసు' సంగతి ముందు చూడాలి. 1917లో అచ్చయిన శరత్ నవల చిన్నది. అందులో దేవదాసును రచయిత మెచ్చుకోడు. అతని బలహీనతను దాచడు. చివరి పేజీలో పాఠకుణ్ణి నేరుగా పలకరించి, ఇలాంటి అభాగ్యుడి కోసం కాస్త కన్నీరు పెట్టమంటాడు. నవలకు ప్రాణం అక్కడుంది. తప్పులన్నీ కళ్ళారా చూపించిన తర్వాత జాలి అడిగే ఒక పెద్దమనిషి గొంతు అది. సినిమాలో ఆ గొంతుకు చోటు లేదు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన తెలుగు 'దేవదాసు'లో ఆ పని పాటలు చేశాయి. సముద్రాల సీనియర్ సాహిత్యం, సి.ఆర్. సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు కలిసి, దేవదాసు తన గురించి తాను ఎన్నడూ చెప్పుకోలేని మాటలను ప్రేక్షకుడికి చేరవేశాయి.

దీనివల్ల ఒక మార్పు జరిగింది. శరత్ నవలలో మనం దేవదాసును బయటినుంచి చూస్తాం, సినిమాలో లోపలినుంచి వింటాం. అందుకే నవల చదివినవాళ్ళకు అతని మీద జాలితో పాటు కోపం కూడా వస్తుంది, సినిమా చూసినవాళ్ళకు అతను విషాదనాయకుడై నిలిచిపోయాడు. దేవదాసుగా నటించిన అక్కినేని కళ్ళలోని మత్తు, మాటలో తడబాటు ఆ తర్వాత తెలుగునాట ప్రేమలో ఓడిన ప్రతివాడికీ ఒరవడి అయ్యాయి. ఇది నష్టమా? కొంత నష్టమే. అయినా ఆ సినిమా దొడ్డది. మూలంలోని గొంతుకు బదులు ఏం పెట్టాలో దానికి తెలుసు. బెంగాలీ పల్లెను రావులపల్లి జమీందారీగా మార్చినప్పుడు కూడా, కొడుకు మనసును ఎన్నడూ అడిగి తెలుసుకోని తండ్రి అధికారాన్ని ఎస్.వి. రంగారావు నడకలోనే చూపించారు. వర్ణన చేయవలసిన పనిని ఒక నటుడి నిలువెత్తు ఉనికి చేసిపెట్టింది.

మూలంలోని కన్ను పోయి, బదులు మరొకటి రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' చాలు. యాభైల చివర్లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన ఈ నవలను ఇప్పటికీ కొత్త తరం పాఠకులు వెతుక్కుని చదువుతున్నారు. కారణం ఇందిర. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, తన సంపాదన మీద బతికే తండ్రిని పోషిస్తూ, ఎవరి సానుభూతీ అడగని అమ్మాయి. వైద్య విద్యార్థి ప్రకాశం ఆమె వెంటపడతాడు, ఆమె చనువిస్తుంది, చివరికి మేనమామ కళ్ళెర్రజేస్తే అతను తల వంచుకుని వెళ్ళిపోతాడు. అప్పటి నవలల్లో ఇలా మోసపోయిన ఆడపిల్లకు మిగిలే దారులు రెండు, ఏడుపు లేదా చావు. ఇందిర ఆ రెంటినీ కాదంటుంది. అతని పిరికితనాన్ని ఉన్నదున్నట్టుగా చూసి, తన బతుకు తాను చక్కబెట్టుకుని, కృష్ణమూర్తిని అన్నీ తెలిసే పెళ్ళి చేసుకుంటుంది. ఆమె స్వార్థపరురాలే. రచయిత్రి ఆ స్వార్థాన్ని కప్పిపెట్టలేదు, దానికి శిక్షా వేయలేదు. పక్కనే నెమ్మదిగా, మర్యాదగా నడుచుకునే కల్యాణిని పెట్టి కూడా, కల్యాణి మంచిది కాబట్టి ఇందిర చెడ్డది అన్న తీర్పు ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఇది చిన్న సాహసం కాదు.

1963లో అన్నపూర్ణా పిక్చర్స్ ఈ నవల ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' తీసింది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. నటీనటులు అక్కినేని, సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ, శోభన్‌బాబు. సాలూరి రాజేశ్వరరావు పాటలు ఇప్పటికీ వినబడుతూనే ఉన్నాయి. సినిమా సరదాగా సాగిపోతుంది. దాన్ని విడిగా చూస్తే తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. నవల చేత్తో పట్టుకుని చూస్తే మాత్రం గుండె కలుక్కుమంటుంది. ఇందిర అనే మనిషి ఆ సినిమాలోకి రాలేదు. చదువుకున్న ఆడపిల్లలు, వాళ్ళ అలకలు, పెళ్ళిళ్ళు, మధ్యలో ఒక మంచి డాక్టరు, ఇంతవరకే వచ్చాయి. నవలలో ఆ కుర్రవాళ్ళను తూకం వేసే కన్ను ఇందిరది. సినిమాలో అమ్మాయిలందరినీ ఆప్యాయంగా చూసే కన్ను కథానాయకుడిది. అంతే తేడా, కాని నవల మొత్తం ఆ తేడాలోనే ఉంది.

ఆదుర్తి సామాన్యుడు కాదు. మధ్యతరగతి ఇంటిని ఆయనంత ఆత్మీయంగా చూపినవాళ్ళు తక్కువ. మరి ఆయన చేతిలో ఇందిర ఎందుకు నిలవలేదు? ఆమెను ఉన్నదున్నట్టుగా చూపితే అప్పటి కుటుంబ ప్రేక్షకులు ఒప్పరన్న భయం ఒక కారణమై ఉండాలి. అగ్రతార ఉన్న సినిమాలో మిగతా పాత్రలు ఆ తారకు వెలుగునిచ్చేలా అమరాలన్న కట్టుబాటు రెండోది. ఈ రెండో కారణమే తర్వాత ఇరవై ఏళ్ళపాటు రచయిత్రుల నవలలన్నిటి మీదా పనిచేసింది. శ్రీదేవి ఈ సినిమా రాకముందే, 1961లో, చిన్న వయసులోనే చనిపోయారు. ఆమె చూసి ఉంటే ఏమనేవారో ఊహించడం అనవసరం. ఆ నవలను మళ్ళీ ఎవరైనా చేపడితే బాగుంటుందని మాత్రం గట్టిగా చెప్పాలి.

రచయిత్రుల యుగం గురించి మాట్లాడేటప్పుడు ఆ నవలలు ఎక్కడ పుట్టాయో గుర్తుంచుకోవాలి. 'ఆంధ్రప్రభ', 'జ్యోతి', 'యువ', 'ఆంధ్రజ్యోతి' లాంటి పత్రికల్లో వారానికో నెలకో ఒక భాగం చొప్పున వచ్చేవి. ప్రతి భాగం చివరా పాఠకురాలు వచ్చే సంచిక కోసం ఎదురుచూడాలి. కాబట్టి సంఘటనలకు కొదువ లేదు, అపార్థాలకు కొదువ లేదు. నిర్మాతకు ఇంతకన్నా ఏం కావాలి? లక్షల ఇళ్ళలో ఇప్పటికే చదివి, మెచ్చి, పాత్రల పేర్లు పిల్లలకు పెట్టుకుంటున్న కథ అది. పరీక్ష నెగ్గిన సరుకు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి పొందింది. 1964లో అది 'డాక్టర్ చక్రవర్తి' అయి, ఉత్తమ చిత్రంగా మొదటి నంది పురస్కారం అందుకుంది. చనిపోయిన చెల్లెల్ని స్నేహితుడి భార్యలో చూసుకునే మనిషి కథ అది. ఒక మగవాడు పరాయి స్త్రీని చెల్లెలిగా చూస్తే లోకం నమ్ముతుందా అన్నది అందులోని ముల్లు. సినిమా ఆ ముల్లును పీకేయకుండా నిలబెట్టింది. సావిత్రి, జగ్గయ్య, అక్కినేని ముగ్గురి మధ్యా అనుమానం మెల్లగా అల్లుకునే తీరు ఈనాటికీ బిగువు తగ్గలేదు. సరిగ్గా తీయదలిస్తే తీయగలరని ఇదే సాక్ష్యం.

కౌసల్యాదేవిదే మరో నవల 'ప్రేమ్ నగర్' 1971లో సినిమాగా వచ్చింది. రామానాయుడు నిర్మాణం, కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వం, ఆత్రేయ మాటలు, పాటలు. తమిళంలో 'వసంత మాళిగై', హిందీలో మళ్ళీ 'ప్రేమ్ నగర్'గా దేశమంతా తిరిగింది. ఆ సినిమా తల్చుకోగానే గుర్తొచ్చేవి కథానాయకుడు కల్యాణ్ తాగుడు, అతని విరహం, అతను కట్టించిన మహలు. ఆత్మాభిమానం ఉన్న ఉద్యోగిని లతగా వాణిశ్రీ చక్కగా నటించినా, జనం హాలు బయటికి తీసుకొచ్చింది కల్యాణ్‌నే.

యద్దనపూడి సులోచనారాణి నవలల విషయంలో కన్ను ఇలా కథానాయకుడి వైపు జరగడం ఇంకా స్పష్టం. 'విజేత' నుంచి 'విచిత్రబంధం', 'ఆరాధన' నుంచి 'బంగారు కలలు', అదే పేరుతో 'మీనా', 'జీవన తరంగాలు', 'సెక్రటరీ'. ఒక్కో సినిమాకు ఒక్కో చరిత్ర ఉంది. 'సెక్రటరీ' నవల అరవైల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికలో వచ్చినప్పుడు, ఉద్యోగానికి గడప దాటుతున్న మొదటి తరం అమ్మాయిలు దాన్ని తమ కథగా చదువుకున్నారు. సెక్రటరీగా చేరిన జయంతి మనసులోని ఊగిసలాటే ఆ నవల. యజమాని రాజశేఖరం అంటే ఇష్టం, అతని గురించి విన్నవాటి మీద భయం, జీతం ఇచ్చేవాడి ముందు తలవంచనన్న పట్టుదల, అన్నీ కలిసి ఆమెను అటూ ఇటూ లాగుతాయి. రాజశేఖరం లోపల ఏముందో మనకు తెలియదు. జయంతికీ తెలియదు. ఆ తెలియకపోవడంలోనే అతని ఆకర్షణ అంతా ఉంది.

1976లో అది సినిమాగా వచ్చేసరికి సీరియల్ చదివిన అమ్మాయిలు తల్లులయ్యారు. గుండె శస్త్రచికిత్స తర్వాత తిరిగి తెరమీదికి వచ్చిన అక్కినేనిని చూడటానికి జనం ఆత్రంగా ఉన్నారు. ఆయన వయసు అప్పటికి యాభై దాటింది. అలాంటి ఘడియలో రాజశేఖరం తెలియని మనిషిగా ఎలా ఉండగలడు? మొదటి దృశ్యం నుంచే ప్రేక్షకుడికి అతను మంచివాడని తెలుసు. దాంతో జయంతి భయాలకు అర్థం లేకుండా పోయింది. నవలలో వివేకంగా కనిపించిన జాగ్రత్త సినిమాలో బెట్టుగా కనిపించింది. సంభాషణలు ఎంత దగ్గరగా ఉన్నా, పాత్రల పేర్లు మార్చకపోయినా, నవల తలకిందులైంది. కథానాయకుడిగా ఎవరిని తీసుకుంటున్నామన్న ఒక్క నిర్ణయమే అంత పని చేసింది.

కొన్నిసార్లు చిక్కు తారతో కాదు, నవల వాక్యంతోనే వస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర' 1969లో సి.ఎస్. రావు దర్శకత్వంలో వచ్చింది. ఎన్.టి. రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున నటించారు. మధుర నాయక రాజుల కాలంలో ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకరు ప్రేమించిన పిల్ల మరొకరికి భార్య కావడం దాని కథ. సి. నారాయణరెడ్డి రాసిన మాటలు సొగసుగా ఉన్నాయి. కాని విశ్వనాథ నవలలో పాత్రలకన్నా పెద్దదైన ధర్మసంకటం ఒకటుంది. అది వాక్యంలో మెల్లగా సుడి తిరుగుతుంది, మాట్లాడి చెబితే సన్నబడిపోతుంది. సినిమా దాన్ని అందుకోలేకపోయింది, జనమూ ఆదరించలేదు.

మూలానికి దూరం జరగడం ఎప్పుడూ కీడే కాదని ఒక ఉర్దూ నవల నుంచి వచ్చిన తెలుగు సినిమా చూపింది. కృష్ణచందర్ 'జబ్ ఖేత్ జాగే' తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసినది. రాఘవరావు అనే యువకుడు ఉరికి ముందు రాత్రి జైలు గదిలో తన బతుకంతా తలుచుకుంటాడు. రచన భావుకంగా, కవితాత్మకంగా ఉంటుంది. దూరాన ఉన్న ఒక గొప్ప రచయిత ప్రేమతో ఊహించిన తెలంగాణ అది. బి. నర్సింగరావు నిర్మాణంలో గౌతం ఘోష్ తీసిన 'మా భూమి' ఈ నవలను ఆధారం చేసుకుని, దాని చట్రాన్నే విప్పేసింది. జైలు గది లేదు, చివరి రాత్రి లేదు. రామయ్య అనే వెట్టివాడి కొడుకు పెరుగుతున్న వరసలోనే కథ నడుస్తుంది. ఊళ్ళో గడీ, దొర ఆగడం, తను మనసిచ్చిన పిల్ల గడీలోకి వెళ్ళవలసి రావడం, ఆ ఊరు విడిచిపోవడం, హైదరాబాదులో రిక్షా తొక్కడం, ఫ్యాక్టరీ పని, కార్మిక సంఘం, అక్షరాలు నేర్చుకోవడం, మళ్ళీ ఊరికి రావడం.

రాఘవరావు జ్ఞాపకాల స్థానంలో రామయ్య అనుభవం వచ్చింది. నవలలో పోరాటం ఒక మనిషి గుండెలో మోగుతుంది, సినిమాలో ఊరు ఊరంతా కలిసి నడుస్తుంది. కథ చూసే కన్ను ఒక మనిషి నుంచి జనానికి మారింది. ఈ మార్పుకు కారణం వ్యాపారం ఎంతమాత్రం కాదు. తీసినవాళ్ళు తెలంగాణ పల్లెల్లో తిరిగి, ఆ పోరాటంలో ఉన్నవాళ్ళతో మాట్లాడి, అక్కడి భాషను, అక్కడి మనుషులను తెరమీదికి తెచ్చారు. సాయిచంద్ రామయ్య అయ్యాడు, గద్దర్ గొంతెత్తి పాడాడు. పోలీసు చర్య తర్వాత సైన్యం అండతో దొర మళ్ళీ ఊళ్ళో అడుగుపెట్టడం చూసినప్పుడు, కృష్ణచందర్ ఆవేశానికి చరిత్ర చేదు కూడా కలిసింది. మూలానికి ఇంత దూరం జరిగి, మూలం కోరిన న్యాయాన్ని మూలం కన్నా గట్టిగా అడిగిన సినిమా తెలుగులో ఇంకొకటి చూపించడం కష్టం. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' కూడా 1977లో తెరకెక్కింది. అదే ప్రాంతం, అదే కాలం, దొరల పాలన మీద అదే ఆగ్రహం ఉన్న ఆ నవలకు 'మా భూమి' లాంటి పట్టుదలగల బృందం దొరికి ఉంటే అనిపిస్తుంది.

యండమూరి వీరేంద్రనాథ్ వచ్చాక లెక్క మారింది. సినిమాను మనసులో పెట్టుకుని నవల రాయడం ఆయనతో మొదలైందని కొందరంటారు. అందులో కొంత నిజం ఉంది. 'అభిలాష'నే తీసుకోండి. ఉరిశిక్ష రద్దు కావాలని కోరుకునే యువ న్యాయవాది, నిర్దోషికి కూడా ఉరి పడవచ్చని నిరూపించడానికి జరగని హత్యలో తనను తాను ఇరికించుకుంటాడు. ఆ నాటకం నిజమై ఉచ్చు బిగుసుకుంటుంది. ఈ కథలో ఉత్కంఠ అంతా సంఘటనలోనే ఉంది కాబట్టి 1983లో కోదండరామిరెడ్డి చేతిలో పెద్దగా నలగలేదు. మరుసటి ఏడు 'డబ్బు టు ది పవరాఫ్ డబ్బు' నుంచి 'ఛాలెంజ్' వచ్చింది. అయిదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానన్న పందెం, చిరంజీవి ఒడుపు, ఇళయరాజా సంగీతం. ఇవి సాఫీగా తెరకెక్కిన నవలలు. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

కాని ఆయన నవలల్లో అత్యంత కష్టమైనదాన్ని తెరకెక్కించింది కన్నడిగులు. 'వెన్నెల్లో ఆడపిల్ల'లో చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఫోనులో ఒక అమ్మాయి గొంతు పరిచయమవుతుంది. ఆమె చిక్కుముళ్ళు ఇస్తుంది, అతను విప్పుతూ పోవాలి. ఆమె ఎలా ఉంటుందో అతనికీ పాఠకుడికీ తెలియదు. పుస్తకంలో ఇది సులువు, రాయకపోతే చాలు. సినిమాలో కథానాయికను చూపించకుండా రెండు గంటలు ఎలా కూర్చోబెట్టాలి? 1995లో సునీల్‌కుమార్ దేశాయి 'బెళదింగళ బాలె' తీస్తూ ఆమె ముఖం చూపనే లేదు. అనంత్ నాగ్ ఫోను పట్టుకుని వింటూ ఉంటాడు, వినే మొహం మీదే కెమెరా ఆగుతుంది. అతను ఎంత తెలుసుకుంటే మనమూ అంతే తెలుసుకుంటాం. నవల కన్ను చెక్కుచెదరలేదు. అందమైన ఒక కథానాయికను ఒక్క పాటలోనైనా చూపిద్దామన్న ఆశకు లొంగి ఉంటే ఆ సినిమా ఆ క్షణంలోనే ముగిసిపోయేది. తెలుగు నవలకు అంత నిగ్రహంతో న్యాయం చేసిన సినిమా పొరుగు భాషలో ఉందన్నది మనం గుర్తించవలసిన సంగతి.

హాస్య నవలలకు జంధ్యాల దొరకడం అదృష్టం. పొత్తూరి విజయలక్ష్మి 'ప్రేమలేఖ' నుంచి 'శ్రీవారికి ప్రేమలేఖ', మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలల నుంచి 'చంటబ్బాయ్', 'రెండు రెళ్ళు ఆరు', ఆదివిష్ణు 'సత్యం గారి ఇల్లు' నుంచి 'అహ నా పెళ్ళంట!'. కాగితం మీది హాస్యం మాటలో ఉంటుంది. తెరమీద అది చెవిలో, ముఖంలో, ఆగి చూసే ఆ అరక్షణంలో ఉండాలి. 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పడం మొదలుపెట్టి టైటిల్స్ నుంచి వినిపిస్తుంటే, ఎదుట కూర్చున్నవాడు నరకం అనుభవిస్తుంటే, మనకు కడుపు చెక్కలవుతుంది. పేజీలో ఇదే సంగతి మూడు వాక్యాల్లో అయిపోతుంది. 'అహ నా పెళ్ళంట!'లో వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే కోట శ్రీనివాసరావు ముఖం కూడా అంతే. జంధ్యాల తనూ రచయిత కావడంతో నవల రాసినవాళ్ళ వరస ఏమిటో పట్టుకున్నాడు, తన వంటకం తను వండాడు. ఆయన సినిమాలు చూసి మూల నవల కోసం వెతికినవాళ్ళు ఎందరో ఉన్నారు.

చిన్న కథలు ఈ విషయంలో నవలల కన్నా అదృష్టవంతులు. వాటిలో నుంచి తీసేయవలసింది ఉండదు, చేర్చవలసిందే ఉంటుంది. చలం 'దోషగుణం'లో ఒక కుర్రవాడి జ్వరానికీ ఒక గృహిణి శీలానికీ ఊరి వైద్యం ముడిపెడుతుంది. మోహనకృష్ణ ఇంద్రగంటి 'గ్రహణం'లో ఆ పాతకాలాన్ని నలుపు తెలుపుల్లో చూపించి, అప్పటి అనుమానపు గాలిని మన ఊపిరికి తగిలించాడు. శ్రీరమణ 'మిథునం'కు రెండు సినిమాలున్నాయి. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో 'ఒరు చెరు పుంచిరి' తీశారు, 2012లో తనికెళ్ళ భరణి తెలుగులో తీశారు. ఆ ముసలి దంపతుల చుట్టూ ఎం.టి. ఒక పల్లెను, పిల్లలను, పొరుగువాళ్ళను అల్లారు. భరణి ఇంకో దారి పట్టి తెరమీద బాలసుబ్రహ్మణ్యాన్నీ లక్ష్మినీ తప్ప మరొకరిని రానీయలేదు. శ్రీరమణ వాక్యంలోని రుచి, ముఖ్యంగా తిండి గురించి ఆయన రాసిన తీరు, భరణి సినిమాలో పెరటి మొక్కలుగా, పొయ్యి మీది గిన్నెలుగా కళ్ళముందు నిలిచింది. రెండూ మంచి సినిమాలే. తెలుగు కథ గుండెచప్పుడు భరణిదాంట్లో ఎక్కువ వినిపిస్తుంది.

ఇటీవలి నవలల్లో ఆగి మాట్లాడుకోవలసింది 'కొండపొలం'. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ఈ నవల 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరువుకు మేతా నీళ్ళూ లేక రాయలసీమ గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల ఎక్కుతారు. వాళ్ళతోపాటు రవి వెళ్తాడు. ఇంజనీరింగు చదివి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక, ఉద్యోగం రాక ఇంటికి చేరిన కుర్రవాడు. అడవిలో అతను నేర్చుకునేవి చిన్న చిన్నవి. తప్పిపోయిన గొర్రెను ఎలా వెతకాలి, రాత్రి కాపలాలో ఏ చప్పుడు దేనిది, నీటి చెలమ దగ్గర ఎంతసేపు ఆగాలి, పులి వాసన మందకు ముందు ఎలా తెలుస్తుంది. పేజీలు గడిచేకొద్దీ అతని భయం కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఫలానా చోట ధైర్యం వచ్చిందని వేలు పెట్టి చూపలేం. సీమ మాండలికంలో, కాపరుల మాటల్లో, గొర్రెల పేర్లలో, వాటి జబ్బుల్లో ఆ నవల ఒక లోకాన్ని నిలబెట్టింది.

2021లో క్రిష్ దీన్ని సినిమా తీశారు. వైష్ణవ్ తేజ్ రవి, 'మా భూమి'లో రామయ్యగా కనిపించిన సాయిచంద్ తండ్రి గురప్ప. మొక్కవోని శ్రద్ధతో తీసిన సినిమా అది. తెలుగులో గొర్రెల కాపరుల మీద ఇంత ఖర్చు పెట్టి, ఇంత గౌరవంగా తీసిన సినిమా మరొకటి లేదు. అయినా నవల పాఠకులు వెంటనే పట్టుకున్న మార్పు ఓబులమ్మ. రకుల్ ప్రీత్ సింగ్ పోషించిన ఈ పాత్ర నవలలో లేదు. ప్రేమకథ కోసం చేర్చారు. ఆ పాత్రను గౌరవంగానే రాశారు, అడవి తెలిసిన పిల్లగా, రవికి ధైర్యం చెప్పేదానిగా. సమస్య అక్కడే వచ్చింది. నవలలో రవిని మార్చేది అడవి. పేరూ మాటా లేని ఆ గురువు పని సినిమాలో సగం ఓబులమ్మకు పోయింది. పులితో తలపడే ఘట్టం పెద్దదయ్యే కొద్దీ రోజువారీ నేర్పు చిన్నదయింది. నెమ్మదిగా కరగవలసిన భయం రెండు మూడు సన్నివేశాల్లో తేలిపోయింది. గురప్పగా సాయిచంద్ మందను చూసే చూపులో మాత్రం నవల నిండుగా ఉంది. కొడుకు వైపు ఒకసారి, మంద వైపు ఒకసారి చూస్తాడు. రెంటినీ కాపాడుకోవలసిన మనిషి అతనని మాట లేకుండా తెలుస్తుంది.

ఇక పూర్తిగా మనసులోనే సాగే నవలల సంగతి. అంపశయ్య నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు. లేచినప్పటి నుంచి అతని తలలో పరుగెత్తే ఆలోచనలే ఆ నవల. ప్రభాకర్ జైని ధైర్యం చేసి దాన్ని తెరకెక్కించారు. నేపథ్యంలో గొంతు పెట్టి ఆలోచనలన్నీ చదివిస్తే అది నాటకం రేడియోలో విన్నట్టుంటుంది, పెట్టకపోతే హాస్టల్లో తిరుగుతున్న కుర్రవాడు తప్ప ఏమీ మిగలదు. ఈ చిక్కుకు మధ్యేమార్గం దొరకడం కష్టం. దయానిధి, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావు ఇంకా పుస్తకాల్లోనే ఉండటానికి కారణం ఇదే. అయితే ఇప్పుడు ఓటీటీల్లో ఎనిమిది పది భాగాల ధారావాహికలు వస్తున్నాయి. తొందర లేని నిడివి, పాటల ఒత్తిడి లేని నడక, తార కోసం కథను వంచనక్కర్లేని వెసులుబాటు వాటికి ఉన్నాయి. పత్రికల్లో వారం వారం వచ్చిన నవలలకు ఇది పుట్టిల్లు లాంటి రూపం. 'కాలాతీత వ్యక్తులు' లాంటి నవలకు, ముగ్గురు నలుగురు మనుషుల మధ్య నెమ్మదిగా మారే సంబంధాలకు, ఇంతకన్నా అనువైన చోటు ఇదివరకెన్నడూ లేదు.

నవలలను తెరకెక్కించేవాళ్ళు రచయితకు పేరూ పైకమూ సక్రమంగా ఇవ్వాలి. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు యద్దనపూడి 'మీనా'తో పోలికల గురించి పాఠకులు ఊరూరా మాట్లాడుకున్నారు. 1973లో విజయనిర్మల అదే నవలను అదే పేరుతో, రచయిత్రి పేరు చెప్పుకుని తీశారు. నవల ఎవరిదో మొదటి అట్ట మీద తెలుస్తుంది, సినిమాలో కూడా అంతే తేటగా, మొదటి టైటిల్స్‌లోనే తెలియాలి.